అణుశాలలకు అనుమతి పత్రము

భీమవరము చేరువ గొరగనమూడి యను గ్రామము కలదు. 1896లో అచట జన్మించిన భూపతిరాజు లక్ష్మీనరసింహరాజుగారు సన్న్యసించి స్వామి జ్ఞానానందులైరి. ఆ యతి పిదప యూరపున కేగి భౌతికశాస్త్ర మభ్యసించి, లివర్పూలులో చాడ్విక్ పండితుని కడ పరిశోధన చేసి, 1950ల నడుమ ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు వచ్చి అణుభౌతికశాస్త్ర శాఖను నెలకొల్పిరి. కాషాయమునకును అణువునకును పొత్తెట్లు కుదిరెనని కొందరడుగుదురు. నాకందు వింత తోచదు.

అట్టి శాలకు రేడియోధార్మిక పదార్థము కావలెను. దాని కిరణములు కంటికి కానరావు, వాసన నీయవు. రేడియమును కనుగొనిన మేరీ క్యూరీ ఆ గొట్టములను జేబులో నుంచుకొని తిరిగెడిది. ఎముకల మూలుగ క్షీణించి 1934లో మరణించెను. ఆమె వ్రాతపుస్తకములను నేటికిని సీసపు పెట్టెలలో దాచుచున్నారు.

మన దేశమున 1962లో అణుశక్తి చట్టమును, 1971లో వికిరణరక్షణ నియమములును వెలువడినవి. స్వామివారు 1969లోనే సిద్ధిపొందిరి. 1983 నవంబరు 15న అణుశక్తి నియంత్రణ మండలి యేర్పడినది. 2004లో నియమములను తిరిగి వ్రాసిరి.

అనుమతి యనగా డబ్బు కట్టి తెచ్చుకొను చీటి కాదు. ఉత్తరువు లేనిదే లష్కరు తూముపై చేయి వేయడు గదా! అట్లే ఏ పదార్థము, ఎంత, ఏ గదిలో, గోడ మందమెంత, బాధ్యుడైన రక్షణాధికారి యెవరు అని ముందే అడుగుదురు. పనివారి దేహమునకు సోకిన కిరణముల కొలతకై రొమ్మున బిళ్ల ధరింపవలెను. పని తీరిన పిదప ఆ పదార్థమును ఎచటికి పంపుదురో అదియును చెప్పవలెను. ఈ కడపటి ప్రశ్నయే ముఖ్యమని నా తలంపు.

ఏలయన, ఢిల్లీ విశ్వవిద్యాలయమున కోబాల్టు-60 గల యంత్రమొకటి యుండెను. 1960ల చివర తెచ్చినది. 1985 నుండి వాడుక లేక మూలబడినది. 2010 ఫిబ్రవరిలో దానిని పాత ఇనుముతో పాటు వేలము వేసిరి. మాయాపురి తుక్కు బజారులో దానిని విప్పిరి. కోబాల్టు-60 బలము రమారమి 5 ఏండ్ల 3 మాసముల కొకసారి సగమగును. 40 ఏండ్లు గడచెను గనుక తొలి బలములో ఇంచుమించు 200వ వంతు మాత్రమే మిగిలియుండెను. ఆ మిగిలినదే ఏప్రిలులో ఒకని ప్రాణము గొనెను. మరికొందరు ఆసుపత్రి పాలైరి. పిమ్మట అణుశక్తి శాఖ నిపుణులు వచ్చి, ముక్కలను వెదకి యెత్తి, సీసపు పేటికలలో నుంచి నరోరా అణువిద్యుత్ కేంద్రమునకు తరలించిరి.