బంతి పుట్టిల్లు

కృష్ణాజిల్లా నుంచి లాల్‌దర్వాజాకు కోడలిగా వచ్చిన కొత్తలో, నా చదువు చూపించుకుందామని, "బంతి పుట్టిల్లు మెక్సికో అటండీ అత్తయ్యా!" అన్నాను.

"గట్లయితే మనోళ్ళు బతుకమ్మను దేంతోని పేర్చిన్రే?" అన్నారావిడ.

తంగేడు ఉండనే ఉందిగా! 1492లో కొలంబస్ అమెరికా చేరాకే బంతి సముద్రం దాటింది. అంటే మన దేశంలో దాని వయసు, 1591 నాటి చార్మినారు కంటే మహా అయితే నూరేళ్ళు ఎక్కువ.

ఆవిడ ఒప్పుకోలేదు. పెంపకం మాత్రం నేర్పారు. ఆషాఢంలో విత్తాలి, జానెడెత్తున చిగురు తుంచాలి. గుబురుగా కొమ్మలేసి బతుకమ్మకు విరగబూస్తుంది. ఎండిన పూలే మళ్ళీ విత్తనం.

నిరుడు ఆవిడ పోయారు. పెట్టెలో, చీరపేలికలో కట్టిన ఎండుబంతులు దొరికాయి. ఈ ఆషాఢంలో విత్తాను. మొలిచాయండీ! ఎక్కడినుంచో వచ్చి ఈ ఇంటివే అయిపోయాయి, నాలాగే.