వంచిన చెంచా

ఇనుము మా కొండల్లోంచే దిగుతుంది. బైలదిల్లా ఖనిజాన్ని జపానుకి పంపడానికని 1960ల్లో కొత్తవలస–కిరండూల్ లైను వేశారు. ఆ లైను మీదిదే మా టైడా స్టేషను. కొండలు తొలిచి రైలు తెచ్చినోళ్లు పురుడు పోసే ఆస్పత్రి తేలేదు. పురుళ్లు మా అమ్మమ్మే పోసేది.

మేం పైడోళ్లం. ఏజెన్సీలో కాగితం మీద వాల్మీకులం, ఎస్టీలం. ఘాటు దిగితే పైడి అని ఎస్సీల్లో రాస్తారు. కాగితం ఏదైతేనేం, మా చేతి నీళ్లు తాగనోళ్లు కొండమీదా ఉన్నారు, కిందా ఉన్నారు. నొప్పులొస్తే మాత్రం అర్ధరాత్రి మా గుమ్మంలోకొచ్చి "అమ్మా, రా" అనేవోరు. బిడ్డ తలకాయ పట్టుకున్న చెయ్యే తెల్లారేసరికి వాళ్ల కుండ ముట్టకూడని చెయ్యి.

అమ్మమ్మ సామానంతా ఇదే: అప్పటికప్పుడు చీల్చిన వెదురు బద్ద, నూలు దారం, ఆముదం, కాగిన నీళ్లు. తుప్పు కొడవలితో బొడ్డు కోస్తే ధనుర్వాతం పట్టి పిల్లలు పోయేవోరు. పచ్చి వెదురు అంతకంటే మేలని ఆవిడ లెక్క. తర్వాత సర్కారు మంత్రసానులకి ట్రైనింగిచ్చి బ్లేడు, దారం, సబ్బు పెట్టిన సంచీ చేతికిచ్చింది.

నేను నర్సు ట్రైనింగుకి పోయాక సామానుకి పేర్లుంటాయని తెలిసింది. సిమ్స్ స్పెక్యులం, కస్కో స్పెక్యులం, ఒకదాని కంటే ఒకటి లావుగా వరసపెట్టిన హెగార్ డైలేటర్లు, కోకర్ ఫోర్సెప్స్. ఆడోళ్ల కడుపు దగ్గర వాడేవన్నీ మగోళ్ల పేర్లే. ఆ సిమ్స్ ఎవడో ఏ క్లాసులోనూ చెప్పలేదు. చాలా ఏళ్లకి నేనే చదివి తెలుసుకున్నాను.

జె. మారియన్ సిమ్స్ అమెరికాలో అలబామా రాష్ట్రం మాంట్‌గోమరీ డాక్టరు. కాన్పు అడ్డం తిరిగి రోజుల తరబడి నొప్పులు పడితే మూత్రసంచికీ యోనికీ మధ్య చిల్లు పడుతుంది, మూత్రం ఆగకుండా కారుతుంది. అలాంటి నల్లజాతి బానిస ఆడోళ్లని 1845 నుంచి 1849 దాకా తన పెరటి ఆస్పత్రిలో పెట్టుకుని కోశాడు. లోపల చూడ్డానికి ఓ సత్తు చెంచా కాడ వంచి వాడాడు. మన ట్రేలో రెండు కొసలా బాతుముక్కులాగ ఉండే స్పెక్యులం దాని సంతతే. ఆ ఆడోళ్లు పదిమంది పైనే. చరిత్రకి దొరికిన పేర్లు మూడే: అనార్కా, బెట్సీ, లూసీ. అనార్కాకి ముప్పై ఆపరేషన్లు. ఈథర్ మత్తు 1846లోనే లోకానికి తెలిసింది, వీళ్లకి మాత్రం ఇవ్వలేదు. లూసీ పడిన యాతన ఎంతటిదో ఆయన ఆత్మకథలో తనే రాసుకున్నాడు. ఒకరిని కోస్తుంటే మిగతావాళ్లు పట్టుకుని సాయం చేసేవోరు. అంటే వాళ్లూ నర్సులే, జీతం లేని నర్సులు.

నల్లోళ్లకి నొప్పి తక్కువని ఆ రోజుల్లో డాక్టర్లు చాలామంది నమ్మేవోరు. ఇది చదివి నేను ఆశ్చర్యపోలేదు. నేను పనిచేసిన ఒక ఆస్పత్రిలో, పేరు రాయను, కాన్పు టైములో కత్తెరతో కోసిన చోట కుట్లు వేసేటప్పుడు లిగ్నోకెయిన్ బుడ్డి అలమరలోనే ఉండేది. కింద ఊళ్ల పెద్దింటోళ్లకి బయటికి తీసేవోరు. మావోళ్లయితే "కొండోలకి నొప్పేటి, ఒక్క నిమసం ఓర్సుకో" అనేవోరు. ఆ మాట అన్నది కూడా ఆడమనిషే.

ఫోర్సెప్స్ కథ ఇంకోటి. ఇంగ్లండులో చాంబర్లెన్లనే డాక్టర్ల కుటుంబం ఉండేది. అడ్డుపడ్డ బిడ్డని లాగే పటకారు వాళ్ల చేతికొచ్చింది. దాన్ని పెద్ద పెట్టెలో తెచ్చి, నొప్పులు పడే మనిషి కళ్లకి గంతలు కట్టి మరీ వాడేవోరు. నూరేళ్లకి పైగా ఇంటి గుట్టుగా దాచారు. ఆ నూరేళ్లలో తల్లులూ పిల్లలూ ఎందరు పోయారో ఎవడు లెక్కెట్టాడు? వాళ్ల పాత ఇంటి నేల చెక్కల కింద ఆ సామాను 1813లో దొరికింది. విద్యని ఇంట్లో పాతేసుకోవడం మనకి మాత్రం తెలీని సంగతా!

2018 ఏప్రిల్లో న్యూయార్కు సెంట్రల్ పార్కులోంచి సిమ్స్ విగ్రహం తీసేశారు. 2021లో మాంట్‌గోమరీలోనే మిషెల్ బ్రౌడర్ అనే నల్లజాతి కళాకారిణి అనార్కా, బెట్సీ, లూసీల బొమ్మలు నిలబెట్టింది. కంచు పోయలేదు, పారేసిన ఇనుప సామాను వెల్డింగు చేసి నిలబెట్టింది.