గ్రాఫ్ డేటాబేస్‌లోకి స్ప్రెడ్‌షీట్ దిగుమతి
పట్టికల్లోని భారీ సమాచారాన్ని నోడ్‌లుగా, వాటి మధ్య సంబంధాలుగా మార్చి నింపే ప్రక్రియ. గుంటూరు మిర్చి యార్డు లెక్కలనే తీసుకుంటే రైతు, కమీషన్ ఏజెంటు, వ్యాపారి, లాటు, మిర్చి రకం నోడ్‌లవుతాయి. అమ్మకం, కొనుగోలు సంబంధాలవుతాయి. ఎక్సెల్ షీటులో 10,48,576 వరుసలే పడతాయి కనుక సమాచారాన్ని సీఎస్‌వీ ఫైళ్లలోకి మార్చుకోవాలి. ‘తేజ’, ‘తేజా’ అని రెండు తీర్లుగా రాస్తే ఒకే రకం మిర్చి రెండు నోడ్‌లుగా చీలుతుంది. అందుకే పేర్లను సరిచూడటమే అన్నిటికన్నా ముఖ్యమైన పని. నియో4జె అనే గ్రాఫ్ డేటాబేస్‌లో గుర్తింపు సంఖ్యపై, అది రెండుసార్లు రాకుండా చూసే యూనిక్ నిబంధన ముందే పెట్టాలి. లేకపోతే, నోడ్ ఉందో లేదో చూసి లేనప్పుడే సృష్టించే మెర్జ్ ఆదేశం ప్రతి వరుసకూ ఆ రకం నోడ్‌లన్నిటినీ వెతుకుతుంది. లక్షల వరుసలుంటే పని దాదాపు నిలిచిపోతుంది. ముందు నోడ్‌లను, తర్వాత సంబంధాలను కొన్ని వేల వరుసల విడతలుగా ఎక్కించాలి. డేటాబేస్ ఖాళీగా ఉంటే నియో4జె-అడ్మిన్ దిగుమతి సాధనం ఇంకా వేగంగా నింపుతుంది.