ఓడల దుర్భిణి, చుక్కల దుర్భిణి



సునాబెడలో కొత్తగా దుర్భిణి కొనాలనుకునే వాళ్ళు అడిగే మాట ఒకటుంది. "పగలు కొండలూ పిట్టలూ, రాత్రి చంద్రుడూ చుక్కలూ, రెండూ ఒకే దుర్భిణితో చూడొచ్చా? స్కూటర్ మీద కొలాబ్ జలాశయం దాకా పట్టుకుపోయేంత చిన్నది దొరుకుతుందా?" అని. ఇంట్లో పిల్లవాడో పిల్లో మారాం చేస్తే, నెల జీతంలో కొంత మిగిల్చి కొనే వస్తువు ఇది. తప్పు వస్తువు ఇంటికొస్తే డబ్బు పోవడం ఒక ఎత్తు. ఆ పిల్లవాడు మళ్ళీ ఆకాశం వైపు తలెత్తకపోవడం ఇంకో ఎత్తు. అందుకని కొట్టుకు వెళ్ళే ముందు ఒకసారి చరిత్రలోకి వెళ్దాం. ఈ చిన్న పరికరంలో ఉన్న గుణాలూ, లోపాలూ ఎక్కడ నుంచి వచ్చాయో తెలిస్తే ఎంపిక సగం అయిపోయినట్టే.

అసలు దుర్భిణి పుట్టింది చుక్కల కోసం కాదు. 1608లో హాలండ్‌లో కళ్ళజోళ్ళు చేసే హాన్స్ లిపర్షే అనే ఆయన దూరపు వస్తువులను దగ్గరగా చూపించే గొట్టానికి హక్కు ఇమ్మని ప్రభుత్వానికి అర్జీ పెట్టుకున్నాడు. మరుసటి ఏడు ఆగస్టులో గెలీలియో వెనిస్ నగర పెద్దలను ఎత్తయిన గంట గోపురం ఎక్కించి, తాను చేసిన గొట్టంలోంచి సముద్రం మీద వచ్చే ఓడలను చూపించాడు. ఓడ రేవు చేరకముందే ఎవరిదో తెలిస్తే వర్తకుడికీ లాభమే, సేనాపతికీ లాభమే. ఆ పగటి సరుకునే ఆయన రాత్రి ఆకాశం వైపు తిప్పాడు. 1610 జనవరిలో సుమారు 20 రెట్లు పెద్దది చేసి చూపే గొట్టంతో గురుగ్రహం చుట్టూ నాలుగు చంద్రుళ్ళను కనిపెట్టాడు. ఇరవై రెట్లు! ఆ అంకె గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దాని దగ్గరికి వస్తాం.

గెలీలియో గొట్టంలో బొమ్మ నిటారుగానే కనిపించేది గానీ, చూపు మేర చాలా ఇరుకు. 1611లో కెప్లర్ ఇంకో అమరిక చెప్పాడు. అందులో చూపు మేర వెడల్పు, కాని బొమ్మ తలకిందులు. చుక్కకు తలేది, కాళ్ళేవి? జ్యోతిశ్శాస్త్రజ్ఞులకు అది చాలింది. ఓడ తలకిందులుగా కనిపిస్తే మాత్రం నావికుడికి పనికిరాదు. అతని కోసం మధ్యలో మరికొన్ని కటకాలు చేర్చారు, గొట్టం పొడుగైంది. 1854లో ఇటలీవాడైన పోరో పట్టకాలతో బొమ్మను నిలబెట్టే ఉపాయం కనిపెట్టాక గొట్టం మళ్ళీ పొట్టిదైంది. ఇప్పటి రెండు కళ్ళ బైనాక్యులర్ దాని సంతానమే. పగటి దుర్భిణి, రాత్రి దుర్భిణి అని రెండు దారులు చీలింది ఇలాగే. ఒకే దుర్భిణి రెండు పనులూ చేయాలని మనం అడిగితే, ఆ చీలిక దగ్గర ఏదో ఒక సర్దుబాటు తప్పదు.

ఇక మన వైపు సంగతి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడే దాకా ఈ కొరాపుట్ కొండలు, జయపురం జమీందారీతో సహా, విశాఖపట్నం జిల్లాలోనివే. కాబట్టి విశాఖ చరిత్ర మనకు పొరుగూరి చరిత్ర కాదు. ఆ విశాఖలో గోడే వెంకట జగ్గారావు గారని ఒక జమీందారు ఉండేవారు. 1817లో పుట్టారు. మద్రాసు నక్షత్రశాలలో టేలర్ దొరగారి దగ్గర ఖగోళవిద్య నేర్చుకుని వచ్చి, 1840లో విశాఖలో సొంత ఖర్చుతో నక్షత్రశాల కట్టించారు. ఆయనకు రాత్రి పనీ కావాలి, పగటి పనీ కావాలి. నక్షత్రాలను చూసి సరైన కాలం లెక్కగట్టడం రాత్రి పని. ఆ కాలాన్ని రేవులోని ఓడలకు తెలియజేయడం పగటి పని. అందుకే డాల్ఫిన్స్ నోస్ కొండ మీద జెండా స్తంభం నిలబెట్టించారు. 1856లో, నలభై ఏళ్ళు నిండకుండానే పోయారు.

ఆ తర్వాత నక్షత్రశాల బాధ్యత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారి మీద పడింది. ప్రభుత్వ ఉద్యోగం చేసిన మనిషి. మామగారి జ్ఞాపకం అని తాళం వేసి ఉంచలేదు, పని చేయించారు. 1874 డిసెంబరు 9న శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా నల్లని చుక్కలా దాటిపోయింది. సూర్యుడు ఎంత దూరంలో ఉన్నాడో లెక్కగట్టడానికి అది అరుదైన అవకాశం కనుక పెద్ద దేశాలన్నీ భూమి నలుమూలలకూ బృందాలను పంపాయి. మన తీరంలో ఉదయం ఏడు దాటాక మొదలై మధ్యాహ్నం దాకా, సుమారు నాలుగున్నర గంటలు సాగింది. నరసింగరావు గారు తన ఇంటి నక్షత్రశాల నుంచే దాన్ని పరిశీలించి, ఫలితాలు లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీకి పంపారు. ఒక తెలుగువాడు చేసిన పేరుపొందిన ఖగోళ పరిశీలన పట్టపగలు జరిగిందన్నమాట.

ఇక్కడే ఒక హెచ్చరిక. సూర్యుణ్ణి చూడాలంటే దుర్భిణి ముందు భాగంలో, పెద్ద కటకం మీద, అందుకోసమే చేసిన వడపోత పొర బిగించాలి. పాత దుర్భిణులతో కంటి వైపు పెట్టుకునే చిన్న నల్లద్దం ఒకటి ఇచ్చేవారు. ఎండ వేడికి అది పగిలితే కన్ను పోవడానికి క్షణం చాలు. అలాంటిది పెట్టెలో ఉంటే పారేయండి. ముందు పొర లేకపోతే పగటిపూట సూర్యుడి దిక్కుకు గొట్టం తిప్పనే వద్దు, పిల్లల చేతికి ఒంటరిగా ఇవ్వనే వద్దు.

మనం ఇప్పుడు నివసించే ఒడిశాలోనే, ఖండపడాలో సామంత చంద్రశేఖరులు జీవితకాలపు లెక్కలు వెదురుతో, కర్రతో చేసుకున్న సాధనాలతోనే కట్టారు. 1899లో అచ్చయిన ఆయన సిద్ధాంతదర్పణం దానికి సాక్షి. దుర్భిణి లేకపోతే ఆకాశం లేదనుకోకండి. ముందు ఓ రెండు నెలలు ఉత్త కళ్ళతో చుక్కలను గుర్తుపట్టడం నేర్చుకుంటే, కొన్నాక దుర్భిణిని ఎటు తిప్పాలో తెలుస్తుంది.

సరే, కొట్టుకు వెళ్దాం. నేను మొదటిసారి కొన్నప్పుడు పెట్టె మీద 525 రెట్లు అని పెద్ద అక్షరాలతో ఉంది, చూసి మురిసిపోయాను. ఇంటికొచ్చి చూస్తే చంద్రుడు మసక తెల్లని ముద్ద. తప్పు చంద్రుడిది కాదు. ముందు కటకం వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లో దానికి రెట్టింపు, అంతకు మించి పెద్దది చేస్తే బొమ్మ పెరుగుతుంది గాని వివరం పెరగదు. 60 మిల్లీమీటర్ల కటకానికి 120 రెట్లే హద్దు. కనుక రెట్ల అంకె అడగకండి, కటకం వెడల్పు అడగండి. గెలీలియోకు ఇరవై రెట్లు చాలాయి కదా. పాతిక, ముప్ఫై రెట్లలో శనిగ్రహపు వలయం కూడా తెలుస్తుంది.

నా మట్టుకు నాకు సునాబెడ ఇంటికి తగినది 70 మిల్లీమీటర్ల కటకం, 400 నుంచి 500 మిల్లీమీటర్ల నాభ్యంతరం ఉన్న పొట్టి గొట్టం. సంచిలో పడుతుంది. నాభ్యంతరాన్ని కంటి కటకం అంకెతో భాగిస్తే రెట్లు వస్తాయి. 400ని 20తో భాగిస్తే 20 రెట్లు, 10తో భాగిస్తే 40. ఈ రెండు కంటి కటకాలు చాలు. దుర్భిణితో పాటు వచ్చే వంపు ముక్క ఎలాంటిదో తప్పక అడగండి. 90 డిగ్రీల అద్దం ముక్కలో బొమ్మ నిటారుగా ఉన్నా కుడి ఎడమలు తారుమారవుతాయి. రాత్రికి ఫరవాలేదు. పగటికి 45 డిగ్రీల పట్టకం ముక్క కావాలి, దానితో కొండ కొండలాగే, పిట్ట పిట్టలాగే కనబడతాయి. అద్దంతో చేసిన న్యూటన్ తరహా గొట్టాలు అదే డబ్బుకు ఎక్కువ వెలుగు ఇస్తాయి గానీ, వాటిలో పగటి బొమ్మ తలకిందులు. పగలు చూడాలనుకునే వాళ్ళు వాటి జోలికి వెళ్ళొద్దు. బడ్జెట్ మరీ తక్కువైతే నాసిరకం దుర్భిణి కన్నా 10 రెట్లు, 50 మిల్లీమీటర్ల బైనాక్యులర్ మేలు. గురుగ్రహపు చంద్రుళ్ళు దానిలోనూ కనిపిస్తారు, చెయ్యి వణకకుండా గోడకు ఆనించుకుంటే.

కాళ్ళ సంగతి చాలామంది మరిచిపోతారు. కొట్టులోనే దూరపు కరెంటు స్తంభం మీదకు గురిపెట్టి, గొట్టాన్ని వేలితో తట్టండి. రెండు మూడు సెకన్లలో వణుకు ఆగితే సరే. అంతకన్నా ఎక్కువసేపు ఊగితే, కటకం ఎంత మంచిదైనా ఆ వస్తువు వద్దు.

మన కొండల మీద ఇంకో శత్రువు తేమ. శీతాకాలం రాత్రి గంటసేపు బయట పెడితే ముందు కటకం మీద మంచు పేరుకుంటుంది. నల్ల అట్టను గొట్టంలా చుట్టి ముందుకు పొడిగిస్తే చాలావరకు ఆగుతుంది. తడి కటకాన్ని పంచె కొంగుతో తుడవకండి, గీతలు పడతాయి, ఆరనివ్వండి. వర్షాకాలం నాలుగు నెలలూ తేమ పీల్చే సిలికా పొట్లాలతో గట్టి మూత డబ్బాలో దాచాలి, లేకపోతే కటకాల మధ్య బూజు పడుతుంది.

పగటి చూపుకు ఉదయమే మంచిది. ఎండెక్కాక నేల వేడికి గాలి కదిలి, దూరపు కొండ నీళ్ళలో నీడలా వణుకుతుంది. దుర్భిణి పాడైందని కంగారు పడనక్కర్లేదు.

చలికాలంలో మృగశిర దగ్గరి నెబ్యులా, కృత్తికలు సులువుగా దొరుకుతాయి. కానీ నేను ఎదురుచూసేది మే నెల చివరి రాత్రులకు. పది గంటల వేళ దక్షిణాన, చాచిన చేతి పిడికిలంత ఎత్తులో, ఆల్ఫా సెంటారీ మెరుస్తుంది. 1689లో పుదుచ్చేరిలో రిషో అనే ఫ్రెంచి పాద్రీ ఒక తోకచుక్కను చూస్తూ అటు దుర్భిణి తిప్పి, అది ఒకటి కాదు, జంట నక్షత్రమని కనిపెట్టాడు. మన 70 మిల్లీమీటర్ల గొట్టంలో, 40 రెట్లు పెట్టి, గాలి నిలకడగా ఉన్న రాత్రి చూస్తే ఆ రెండూ విడివిడిగా కనిపిస్తాయి. వానలు మొదలైతే మళ్ళీ ఏడాది ఆగాలి. ఈ లోగా దక్షిణం వైపు కొండ అడ్డులేని డాబా ఎవరింటిదో చూసి ఉంచుకోండి.