లిథియమూ, లోపలి గడియారమూ

మా పెదనాన్నగారికి మనసు పోటెత్తిన రోజుల్లో నిద్ర ఉండేది కాదు. తెల్లవారుజామున మూడింటికే కాలవగట్టున నడుస్తూ ఎదురైనవారినల్లా పలకరించేవారు. పాటు వచ్చిందా, నెలల తరబడి మంచం దిగేవారు కారు. లిథియం మొదలుపెట్టాక ముందుగా కుదుటపడింది నిద్రే. అది నిద్రమాత్ర కాదు కదా, మరెలా? ఈ ప్రశ్న నన్ను చాలాకాలం వదల్లేదు.

ఈ లవణం ఉన్మాదాన్ని అణచగలదని 1949లో ప్రకటించినవాడు ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్. 1996లో క్లైన్, మెల్టన్‌లు అది జీఎస్‌కే-3 అనే ఎంజైమును అడ్డగిస్తుందని చూపారు. ఏటీపీ నుంచి ఫాస్ఫేటును తీసి వేరే ప్రోటీనుకు తగిలించడం ఆ ఎంజైము పని. అలా తగిలితేనే రెవ్-ఎర్బ్ ఆల్ఫా అనే గడియారపు ప్రోటీను నిలుస్తుందనీ, లిథియం పడితే క్షీణిస్తుందనీ 2006లో తేలింది. లిథియం జంతువులలో దినచక్రాన్ని కాస్త సాగదీస్తుందని అంతకు చాలాముందే తెలుసు. నిద్ర కుదరడానికి ఇదొక్కటే కారణమని మాత్రం నేననను.

ఇంతకీ ఆ ఏటీపీ? 1929లో హార్వర్డులో ఫిస్కేతో కలిసి దానిని కనుగొన్నవాడు (అదే ఏడు జర్మనీలో లోమన్ కూడా) మన యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టి, రాజమండ్రిలో చదువుకున్నవాడు. కేడ్ వ్యాసం రావడానికి ముందు ఏడే, 1948లో, కన్నుమూశాడు.

పెదనాన్నగారు రాత్రి మాత్ర వేసుకుని, సరిగ్గా పన్నెండు గంటలకు రక్తపరీక్షకు వెళ్ళేవారు. మందు మానమని ఎన్నడూ అడగలేదు. కాలవగట్టు మీది ఆ మూడుగంటల వేళ పోయిందని మాత్రం ఒకటి రెండుసార్లు అన్నారు.