బెండులో దాగిన గాలి

సూళ్లూరుపేట నుంచి తూర్పున పులికాట్ సరస్సు దాటితే శ్రీహరికోట. పడమరకు పోతే శేషాచలం ఎర్రచందనం అడవులు. రాకెట్లకూ చెట్టు బెరడుకూ పొత్తేమిటంటే, వేడిని ఆపే కిటుకు రెండుచోట్లా ఒక్కటే. అది పదార్థంలో కంటే దాని అల్లికలో, మందంలో ఉందని నా వాదన. మన భాష దీన్ని ఏనాడో పట్టుకుంది. సీసా బిరడా అయ్యే కార్కు ఓక్ చెట్టు బెరడు. సోలా టోపీ అయిన జీలుగు నీటిమొక్క కాండం. వృక్షశాస్త్రానికి అవి వేరు, తెలుగుకు మాత్రం రెండూ బెండే. చెట్టులో ఏ భాగమన్నది కాదు, ఎంత గాలి నిండిందన్నదే ఆ మాటకు కొలత.

కార్కును వలల తేలుళ్లకు, ఆడవాళ్ల చలికాలపు చెప్పులకు వాడతారని 1వ శతాబ్దంలోనే రోమన్ రచయిత ప్లినీ రాశాడు. కారణం మాత్రం 1665లో గానీ కంటబడలేదు. రాబర్ట్ హుక్ సూక్ష్మదర్శిని కింద పల్చటి కార్కు ముక్క పెట్టి తేనెపట్టులాంటి గదులు చూశాడు, వాటిని సెల్స్ అన్నాడు, ఘనపుటంగుళానికి 120 కోట్లకు పైగా ఉంటాయని లెక్కగట్టాడు. ఆ గదుల్లో చిక్కిన గాలి కదల్లేదు, కదలని గాలి వేడిని మోయలేదు. గోడలకున్న మైనపు పూత కూడా తక్కువది కాదు: నీరు గాలికంటే సుమారు 24 రెట్లు వేడిని ప్రసరింపజేస్తుంది కాబట్టి తడిసిన బెరడు సగం ఓడినట్టే. 1890లలో న్యూయార్క్‌లో జాన్ స్మిత్, కార్కు పొట్టు వేడికి తన జిగురుతోనే అతుక్కుంటుందని గమనించాక, అది పలకలై శీతల గిడ్డంగుల గోడలకెక్కింది.

బెరడు కాలిపోయేదే కదా, మంటను ఎలా ఆపుతుందంటారు. కాలడం వేరు, వేడిని లోపలికి పంపడం వేరు. పైపొర మాడి బొగ్గవుతూనే అడుగును కాస్తుంది. 2016లో అంగారకుడి మీద దిగబోయిన యూరప్ ల్యాండర్ షియాపరెల్లి కవచం కార్కు పొడి, రెసిన్ కలిపిన పలకలే. 2007 జనవరిలో శ్రీహరికోట నుంచి వెళ్లి తిరిగొచ్చిన ఇస్రో వ్యోమగుళిక ఎస్ఆర్ఈ-1కు సిలికా పలకలు తొడిగారు. పదార్థం మారినా, నారల మధ్య ఖాళీలే అక్కడా పని చేశాయి.

అలాగైతే మన చెట్ల బెరడూ ఒలిచి వాడుకోవచ్చుగా అనేవారికి జవాబు చెట్టులోనే ఉంది. కార్కు ఓక్‌కు పాతికేళ్లు నిండాక, లోపలి సజీవ పొర దెబ్బతినకుండా తొమ్మిదేళ్లకోసారి ఒలవవచ్చు, మళ్లీ పుడుతుంది. ఎర్రచందనాన్ని చుట్టూ అలా ఒలిస్తే చెట్టు చస్తుంది. దాని బెరడు విలువ వేసవి కార్చిచ్చులో చెట్టు మీదే తెలుస్తుంది. అమెరికా శాస్త్రవేత్తలు పీటర్సన్, రయాన్ 1986లో ఇచ్చిన లెక్క ప్రకారం, లోపలి సజీవ పొర తట్టుకునే నిమిషాలు బెరడు మందపు సెంటీమీటర్ల వర్గానికి 2.9 రెట్లు. అది అక్కడి శంఖాకార వృక్షాలకు కట్టిన లెక్క, ఇక్కడ ఉజ్జాయింపే. ఎర్రచందనం బెరడు మొసలి వీపులా నిలువు, అడ్డు పగుళ్లతో నలుచదరపు బిళ్లలుగా చీలి ఉంటుంది. ఒకటిన్నర సెంటీమీటర్ల బిళ్ల వెనక ఆరున్నర నిమిషాలు. పక్కనే పగులు అడుగున అర సెంటీమీటరే మిగిలితే, 43 సెకన్లు.