పింఛను దొరలు ఏ ఊళ్లో దిగారు?

మన దగ్గర జిల్లాను ఏలిన కలెక్టరు దొర ఉద్యోగం చాలించి ఓడెక్కితే, సీమలో దిగేసరికి పదిమందిలో ఒకడు. వంటవాడు, బట్లరు, ఆయా, పంఖా లాగేవాడు ఎవరూ వెంట రారు. 19వ శతాబ్దం రెండో సగంలో సివిల్ సర్వీసు అధికారికి 25 ఏళ్ల సర్వీసు నిండితే ఏడాదికి 1,000 పౌన్ల పింఛను వచ్చేది. చిన్న మొత్తమేం కాదు. కానీ ఇరవై దాటగానే కొలువులో చేరినవాడికి అప్పటికి యాభై నిండేవి కావు, పిల్లలింకా బడి ఈడులోనే ఉండేవారు. ఆ డబ్బుతో ఏ ఊళ్లో పరువుగా బతకగలమన్నదే దొరకూ దొరసానికీ ముందుగా తేలాల్సిన లెక్క.

మొదట్లో చాలామంది చూపు చెల్టెన్‌హామ్ మీద పడింది. 1716లో అక్కడ ఖనిజ జలాల ఊట బయటపడింది. 1788లో మూడో జార్జి రాజు వచ్చి ఆ నీళ్లు తాగాక ఊరి పేరు మోగిపోయింది. ఉష్ణదేశాల్లో చెడిన కాలేయానికి అవి మంచివని ప్రతీతి. ఎండలో, విందుల్లో ఏళ్లు గడిపిన కంపెనీ అధికారులకు ఇంతకంటే ఏం కావాలి? నీళ్ల మహిమ సంగతెలా ఉన్నా, 1841లో చెల్టెన్‌హామ్ కాలేజీ, 1853లో ఆడపిల్లల కాలేజీ వెలిశాక ఆ ఊరికి ఇంకో గట్టి ఆకర్షణ తోడైంది.

చదువు లెక్కలో అసలు గెలుపు మాత్రం బెడ్‌ఫర్డ్‌ది. దాని వెనుక కథ అప్పటికే మూడు వందల ఏళ్ల నాటిది. ఆ ఊళ్లో పుట్టి లండన్ మేయరైన విలియం హార్పర్ 1566లో సొంతూరి బడి కోసం కొంత భూమి రాసిచ్చాడు. ఆ భూమి ఉన్నది లండన్ శివారు హోబర్న్‌లో. అప్పటికది పచ్చిక బయలు. నగరం పెరిగి దాన్ని మింగేసింది, బయలులో ఇళ్లు లేచాయి, అద్దెలు ఎగబాకాయి. ఆ రాబడంతా బెడ్‌ఫర్డ్ బడులకే చేరింది. దాంతో మంచి చదువు చౌకగా దొరికింది. భర్త ఇంకా మన ఎండల్లో నౌకరీ చేస్తుండగానే భార్య పిల్లలతో ముందుగా వెళ్లి అక్కడ అద్దెకు దిగడం మామూలైపోయింది. పింఛను పుచ్చుకున్నాక ఆయనా అక్కడికే చేరేవాడు. ఇల్లు వెతికింది, ఇరుగుపొరుగును కూడగట్టింది ఆమె. ఈ చరిత్రలో ఆ దొరసానులకు దక్కాల్సిన చోటు దక్కలేదు.

లండన్‌ను వదలలేనివాళ్లు బేస్‌వాటర్ చేరారు. తూర్పు నుంచి తిరిగొచ్చినవాళ్లు అంతమంది కాపురం పెట్టడంతో లండన్ జనం ఆ పేటను వేళాకోళంగా 'ఆసియా మైనర్' అనేవారు. 1855లో మద్రాసు వదిలిన సి.పి.బ్రౌన్ చివరి మకాం కూడా ఆ చుట్టుపక్కలే, కిల్డేర్ గార్డెన్స్‌లో. ఆయన బ్రహ్మచారి కనుక బడి ఫీజుల బెంగ లేదు. విశ్రాంతి కూడా పేరుకే, లండన్ యూనివర్సిటీ కాలేజీలో తెలుగు ఆచార్యుడిగా కొనసాగి 1884లో కన్నుమూశాడు.

సీమ చలికి జడిసి ఇక్కడే ఉండిపోయినవాళ్లూ లేకపోలేదు. వాళ్లకు నీలగిరులు, బెంగుళూరు ఉండనే ఉన్నాయి.

గోదావరికి ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్ దంపతులది మరో దారి. 1860లో కొలువు వదిలేనాటికి ఆయనకు 57 ఏళ్లు. తర్వాత లండన్‌కు దక్షిణాన, సర్రేలోని డోర్కింగ్‌లో స్థిరపడ్డారు. అటు పల్లె గాలి, ఇటు రాజధానికి రైలు. ఆ రైలు అవసరం ఆయనకు తీరలేదు మరి. భారతదేశానికి రైళ్లకంటే కాలవలు ముఖ్యమని వాదిస్తూ 1878లో పార్లమెంటు కమిటీ ముందు సాక్ష్యమిచ్చాడు. ఇంటి దగ్గరేమో నేలను లోతుగా తవ్వించి గోధుమ దిగుబడి ఎంత పెరుగుతుందో చూసే ప్రయోగాలు. కూతురు ఎలిజబెత్ అదే ఊళ్లో కూలీల కోసం కాఫీ గది తెరిచింది, సారాయి దుకాణానికి పోటీగా. కాటన్ 1899లో, 96వ ఏట, డోర్కింగ్‌లోనే చనిపోయాడు. మరుసటి ఏడాది ఆ కూతురే ఆయన జీవిత చరిత్రను అచ్చు వేయించింది.